ట్రాలీ బారు ఎందుకు విరిగింది? ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా నా లెక్కల డైరీ

ఏప్రిల్ 28

మొన్న రాత్రి బాపు ఫోన్ చేసి ట్రాలీ బారు, అంటే ట్రాలీని ట్రాక్టరుకు కలిపే ముందు భాగం, విరిగిందన్నాడు. వడ్ల లోడుతో కొనుగోలు సెంటరుకు పోతుంటే, ఎస్సారెస్పీ కాలువ మీద కల్వర్టు దాటగానే బారులో కుడివైపు చానల్ (సి ఆకారపు ఇనుప దూలం) తెగింది. ఎడమ చానల్ ఒక్కటే బరువు మోసి ఆపింది కాబట్టి ట్రాలీ పక్కకు పడలేదు, ట్రాక్టరు నడిపే మల్లేశన్నకు ఏమీ కాలేదు. పొద్దున్నే బస్సెక్కి వచ్చేశాను.

నేను హైదరాబాద్‌లో చేసేది ఇదే పని. యంత్ర భాగాలు ఎక్కడ వంగుతాయి, ఎన్నాళ్లకు పగులుతాయి అని కంప్యూటర్లో లెక్కలు కట్టడం. ఎవరి యంత్రాలకో ఆరేళ్లుగా చేస్తున్నాను, మా ఇంటి ట్రాలీ కిందికి మాత్రం ఒక్కసారీ తొంగి చూడలేదు. ఈ సంగతి రాత్రంతా మనసులో మెదులుతూనే ఉంది.

విరిగిన చోటు ముందు చూడాలి కాబట్టి చెప్తున్నాను. మాది రెండు చక్రాల ట్రాలీ. ముందు హుక్కు, హుక్కు నుంచి వి ఆకారంలో వెనక్కి వచ్చే రెండు 100 ఎంఎం చానళ్లు, అవి చట్రం అడ్డ చానల్‌కు అతుకుతాయి. పోయిన ఏడు ఆ అతుకు దగ్గర చిన్న బీట కనిపిస్తే ఒక వెల్డింగ్ షాపులో రెండు వైపులా అడుగున 8 ఎంఎం పట్టీ వేయించారు. చుట్టూ నిండుగా వెల్డింగ్ కొట్టి ఇచ్చారు. ఇప్పుడు విరిగింది పాత బీట దగ్గర కాదు. పట్టీ ఎక్కడ అయిపోతుందో సరిగ్గా అక్కడ, దాని ముందు అంచు వెల్డింగ్ పాదం (వెల్డు చానల్‌ను కలిసే గీత) దగ్గర.

గుడ్డతో గ్రీజు తుడిచి టార్చి వేసి చూశాను. విరిగిన ముఖంలో మూడింట రెండొంతులు నల్లగా, నునుపుగా ఉంది, దాని మీద ఆల్చిప్ప మీద ఉండేలాంటి వంపు గీతలు. మిగతా భాగం గరుకుగా, కొత్త లోహంలా మెరుస్తోంది. అంటే ఇది కల్వర్టు దగ్గర ఒక్క దెబ్బకు విరిగింది కాదు. కొన్ని నెలలుగా రోజూ కొంచెం కొంచెం పాకిన పగులు. కల్వర్టు చివరి దెబ్బ మాత్రమే వేసింది. ఆ గీతలు అన్నీ కింది ఫ్లాంజి (చానల్ అడుగు రెక్క) దగ్గర ఒకే బిందువు నుంచి మొదలయ్యాయి.

"ఇంకో పట్టీ మందంది ఏస్తే అయిపోతది గదా" అన్నాడు బాపు. వద్దు బాపూ, ఈసారి లెక్క చూసి చేద్దాం అన్నాను. సీజన్ నడుస్తోంది కాబట్టి కుడి చానల్‌కు తాత్కాలికంగా కొత్త ముక్క వేయించి, సగం లోడే వేయమని చెప్పి వచ్చాను. ఎడమ చానల్, దాని పట్టీ అలాగే ఉన్నాయి. కొలతలకు అదే నాకు పనికొస్తుంది.

మే 5

సాఫ్ట్‌వేర్ అన్నీ ఉచితంగా దొరికేవే. బొమ్మ ఫ్రీక్యాడ్‌లో, మెష్ (బొమ్మను లెక్క కోసం చిన్న చిన్న ముక్కలు చేయడం), ఫలితాలు చూడటం ప్రీపోమ్యాక్స్‌లో, లెక్క కట్టే సాల్వర్ కాల్క్యులిక్స్. కాల్క్యులిక్స్ జర్మనీలో ఎంటీయూ అనే విమాన ఇంజన్ల కంపెనీలో పనిచేసిన గిడో డాంట్, క్లౌస్ విటిగ్ రాసి అందరికీ ఇచ్చింది. ఇంత మంచి సాల్వర్ ఉచితంగా దొరకడం మన అదృష్టం, విద్యార్థులు ఎవరైనా చదువుతుంటే ఈ వేసవిలోనే మొదలుపెట్టండి.

మోడల్ తెరవక ముందు కాగితం మీద లెక్క. చాలామంది ఇది వదిలేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. మొదటి ప్రశ్న: చానల్‌లో ఏ వైపు సాగుతుంది? లోడు పైన ఉంది కాబట్టి పై ఫ్లాంజి సాగుతుందని మల్లేశన్న అన్నాడు, వినడానికి సరిగ్గానే ఉంటుంది. కానీ ట్రాలీ తన ముక్కును ట్రాక్టరు మీద మోపుతుంది, ట్రాక్టరు హుక్కును పైకి నెడుతుంది. చట్రం దగ్గర బిగించి ఉన్న బారును కొస దగ్గర పైకి ఎత్తితే సాగేది అడుగు. పగులు అడుగునే మొదలైంది, కుదిరింది.

హుక్కు మీద పడే బరువు 600 కిలోలు అనుకున్నాను. ట్రాలీ కొలతలు తీసుకుని, 4 టన్నుల వడ్లు సమానంగా పరిస్తే ఎంత వస్తుందో లెక్కకడితే వచ్చిన అంకె అది. హుక్కు నుంచి పట్టీ అంచు 90 సెంటీమీటర్లు. రెండు చానళ్లు పంచుకుంటాయి కాబట్టి ఒక్కోదానికి సుమారు 2.65 కిలోన్యూటన్ మీటర్ల మూమెంట్ (వంచే ప్రభావం), 100 చానల్ సెక్షన్ మాడ్యులస్ (ఆకారం వల్ల వంపును తట్టుకునే శక్తి) సుమారు 37 ఘన సెంటీమీటర్లు, భాగిస్తే వచ్చే స్ట్రెస్, అంటే లోహం లోపలి ఒత్తిడి, 71 మెగాపాస్కల్. మామూలు స్ట్రక్చరల్ స్టీల్ వంగిపోవడానికి 250 కావాలి. అంటే బండి నిలబడి ఉన్నప్పుడు మూడో వంతు కూడా లేదు. చూసేవాళ్లకు ఎందుకు విరిగిందో అర్థం కాకపోవడానికి కారణం ఇదే.

లాగే బలం, బ్రేకు కొడితే వెనక నుంచి వచ్చే నెట్టుడు కూడా చూశాను. రెండు చానళ్ల అడ్డకోత కలిపితే అవి 10 మెగాపాస్కల్ లోపే. వదిలేశాను.

మే 12

ఈ వారమంతా మెష్‌తోనే గడిచింది. చానల్, పట్టీ, చుట్టూ 6 ఎంఎం వెల్డు గీసి పది నోడ్ల టెట్రా ఎలిమెంట్లు (నాలుగు ముఖాల చిన్న ముక్కలు) వేశాను. పట్టీకి దూరంగా, మామూలు చానల్ దగ్గర మోడల్ 70 చూపించింది, కాగితం మీద లెక్కకు దగ్గరగా. అక్కడిదాకా నిశ్చింత.

వెల్డింగ్ పాదం దగ్గరే చిక్కు. మెష్ 10 ఎంఎం వేస్తే 118, 5 వేస్తే 149, 2.5 వేస్తే 190, 1.25 వేస్తే 240 దాటింది. ఇంకా సన్నం చేస్తే ఇంకా పెరుగుతుంది. ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, మన బొమ్మలో అక్కడ పదునైన లోపలి మూల ఉంది, గణితం ప్రకారం అలాంటి మూలలో స్ట్రెస్‌కు అంతు లేదు. మెష్ ఎంత సన్నం చేస్తే అంత దాని వెంట పరిగెడుతుంది. మొదటిసారి మోడల్ చేసేవాళ్లు ఆ ఎర్ర చుక్క మీద కనిపించే అంకెను రిపోర్టులో రాసేస్తారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రాశాను, నా సీనియర్ ఒకాయన మెష్ సగం చేసి మళ్లీ నడిపించి చూపించాడు. ఆ రోజు నుంచి మూడు మెష్‌లు వేయకుండా ఏ అంకెనూ నమ్మను.

వెల్డులకు దీనికి మంచి ఉపాయం ఉంది. పాదం దగ్గర అంకె చదవకూడదు. కొంచెం దూరంలో రెండు చోట్ల చదివి, ఆ గీతను పాదం దాకా పొడిగించాలి. అంతర్జాతీయ వెల్డింగ్ ఇన్‌స్టిట్యూట్ సిఫార్సుల్లో ఆ దూరాలు ప్లేటు మందంలో 0.4 వంతు, 1 వంతు. మా ఫ్లాంజి 7.5 ఎంఎం, అంటే పాదానికి 3 ఎంఎం, 7.5 ఎంఎం దూరంలో. అక్కడ నాకు 103, 87 వచ్చాయి. మొదటిదాన్ని 1.67తో, రెండోదాన్ని 0.67తో గుణించి తీసేస్తే 114. దీన్నే హాట్ స్పాట్ స్ట్రెస్ అంటారు. మెష్ 2.5 నుంచి 1.25కు మార్చినా ఇది ఒక్క మెగాపాస్కల్ కూడా కదల్లేదు. మామూలు స్ట్రెస్ 71, పట్టీ అంచు దగ్గర 114, అంటే 1.6 రెట్లు.

బలం కోసం వేసిన పట్టీ తన అంచు దగ్గర 1.6 రెట్లు భారం తెచ్చిపెట్టింది. పట్టీ ఉన్న చోట చానల్ గట్టిపడింది, లేని చోట మెత్తగా ఉంది, ఆ రెండూ కలిసే గీత మీద స్ట్రెస్ గుమిగూడుతుంది.

జూన్ 9

స్ట్రెయిన్ గేజ్‌లు, అంటే ఇనుము ఎంత సాగిందో కొలిచే చిన్న పొరలు, అతికించే రోజు. 350 ఓముల గేజ్‌లు, వాటిని చదివే హెచ్‌ఎక్స్ 711 బోర్డు, ఆ అంకెలు తీసుకునే ఈఎస్‌పీ 32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, ఒక పవర్ బ్యాంకు. ఎడమ చానల్ అడుగున, పట్టీ అంచుకు 60 ఎంఎం దూరంలో.

ట్రాలీ కింద చాప వేసుకుని పడుకుని గ్రైండరుతో పెయింటు తీశాను, తర్వాత 220, 400 ఎమరీ కాగితం, అసిటోన్ గుడ్డ నల్లబడకుండా వచ్చేదాకా తుడిచాను. గేజ్ గోటి కంటే చిన్నది, సన్నని పొరలో వెంట్రుకలాంటి లోహపు గీత మెలికలు తిరిగి ఉంటుంది. సెల్లోటేపు మీద దాన్ని పట్టుకుని, ఒక్క చుక్క ఫెవిక్విక్ వేసి, బొటనవేలితో నిమిషం పైనే అదిమి పట్టాలి. తలకిందులుగా చేసే పని కాబట్టి చుక్క జారి మోచేతి దాకా వచ్చింది, మొదటి గేజ్ వంకరగా అతుక్కుంది, పీకేసి రెండోది వేశాను. తీగలు టంకం పెట్టి, పైన సిలికాన్ పూసి, బురద పడకుండా పాత ట్యూబు ముక్క కట్టాను. ఎండకు ఇనుము సాగితే అదీ స్ట్రెయిన్‌లాగే కనిపిస్తుంది, అందుకని అదే స్టీల్ ముక్క మీద ఇంకో గేజ్ అతికించి, బరువు పడకుండా అదే నీడలో వేలాడదీసి బ్రిడ్జిలో (గేజ్‌లను పోల్చి చదివే సర్క్యూట్‌లో) రెండో చేయిగా కలిపాను.

కొలత సరిగ్గా చదువుతోందా అని చూసుకోవడానికి గేజ్‌కు పక్కన లక్షా డెబ్బై అయిదు వేల ఓముల రెసిస్టర్ తాకించాలి. అది 1000 మైక్రోస్ట్రెయిన్‌తో, అంటే మీటరుకు ఒక మిల్లీమీటరు మార్పుతో, సమానం. బోర్డు 985 చూపించింది. ఆ క్షణం చాలా సంతోషంగా అనిపించింది.

తర్వాత పెంట ఎరువు లోడు, నాలుగు టన్నులకు దగ్గరగా, సమానంగా పరిచాం. మా ఇంటి నుంచి దూరపు మడి దాకా 6 కిలోమీటర్లు, అదే కల్వర్టు మీదుగా. డేటా చూస్తే పెద్ద ఊపు, అంటే స్ట్రెస్ కింది కొస నుంచి పై కొస దాకా మారిన మేర, 80 మెగాపాస్కల్ మాత్రమే. నమ్మబుద్ధి కాలేదు, ఎందుకంటే కల్వర్టు దగ్గర నేనే సీటు మీద ఎగిరిపడ్డాను.

జూన్ 16

కారణం దొరికింది. ఈ చిన్న బోర్డుల్లో హెచ్‌ఎక్స్ 711 చిప్పు 15వ కాలు నేలకు కలిపి వస్తుంది, అలా ఉంటే సెకనుకు 10 సార్లే చదువుతుంది. ట్రాలీ గుంతలో పడితే సెకనుకు మూడు నాలుగు సార్లు ఊగుతుంది, ఆ ఊపు కొస ఎక్కడో రెండు చదువుల మధ్య జారిపోతోంది. ఆ కాలు ఎత్తి సప్లై తీగకు టంకం పెడితే సెకనుకు 80. అదే లోడు, అదే దారి, ఈసారి కల్వర్టు దగ్గర ఊపు 140 మెగాపాస్కల్.

డేటాను పైథాన్‌లో రెయిన్‌ఫ్లో పద్ధతితో లెక్కపెట్టాను. 1968లో జపాన్‌లో మత్సుయిషి, ఎండో ఇచ్చిన పద్ధతి ఇది. గ్రాఫును నిలువుగా తిప్పి, అంతస్తుల పగోడా కప్పు మీద వాన నీళ్లు ఎలా జారి కింది చూరు మీద పడతాయో ఊహించుకుంటే, చిందరవందరగా ఉన్న ఊపుల్లోంచి పూర్తి సైకిళ్లు విడివిడిగా బయటికి వస్తాయి. పెంకుటింట్లో పెరిగినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఒక్క ట్రిప్పుకు: 140 మెగాపాస్కల్ ఊపులు 6, 90 దగ్గరవి 40, 50 దగ్గరవి 400. మిగతావి చిన్నవి, కలిపి చూసినా మొత్తం పెద్దగా మారలేదు.

జూన్ 23

ఇప్పుడు ఆయుష్షు లెక్క. లోహం అలసటకు, అంటే మళ్లీ మళ్లీ ఊగి పగలడానికి, ముఖ్యం స్ట్రెస్ ఎంత ఎత్తుకు పోయిందన్నది కాదు, ఎంత మేర ఊగిందన్నది. ప్రష్యా రైల్వేలో పనిచేసిన ఆగస్ట్ వోలర్ 1850, 60లలో రైలు ఇరుసులను తిప్పి తిప్పి విరిచి ఈ సంగతి తేల్చాడు. వెల్డులకు ఇంకో మాట కూడా ఉంది, ఊపు రెట్టింపయితే ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, ఎందుకంటే అది ఘనంతో నడుస్తుంది.

అవే వెల్డింగ్ సిఫార్సుల్లో ఇలాంటి పట్టీ అంచుకు తరగతి 100, అంటే 100 మెగాపాస్కల్ హాట్ స్పాట్ ఊపును 20 లక్షల సార్లు తట్టుకోవాలి. మాది తలపైన చేసిన వెల్డు, పాదం దగ్గర కోరుకుపోయినట్టు గాడి ఉంది, కాబట్టి లెక్క మొదలుపెట్టక ముందే 80 అని రాసి పెట్టుకున్నాను. ముందే రాసి పెట్టుకోవడం ఎంత మేలు చేసిందో కింద చెప్తాను.

ఊపులను 1.6తో గుణిస్తే 224, 144, 80. ఒక్కో ఊపు తినేసే ఆయుష్షు వాటాలను కూడే మైనర్ సూత్రంతో కలిపితే, మైనర్ దీన్ని 1945లో రాశాడు, ఒక ట్రిప్పుకు ఆయుష్షులో 0.00038 వంతు ఖర్చవుతోంది. అంటే సుమారు 2,600 ట్రిప్పులు.

బాపు కిరాయి పుస్తకం తెరిచి పట్టీ వేసిన రోజు నుంచి లోడు ట్రిప్పులు లెక్కపెట్టాం. దాదాపు 650.

నాలుగు రెట్లు తేడా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జులై 14

మూడు వారాలుగా వెతుకుతున్నాను. ఒక సంగతి దాచకుండా చెప్పాలి. తరగతి 80 బదులు 50 వేస్తే లెక్క 638 ట్రిప్పులు వస్తుంది, 650కి అతికినట్టు సరిపోతుంది. వెల్డింగ్ బాలేదు అని రాసేసి ఫైలు మూసేయొచ్చు, ఎవరూ అడగరు. కానీ గ్రైండరుతో వెల్డును అడ్డంగా కోసి చూశాను, గాడి అర మిల్లీమీటరు కూడా లేదు, లోపల బోలు లేదు. అంత చెడ్డ వెల్డు కాదది. ఆ షాపువాళ్ల మీద తప్పు తోసేసి ఉంటే అన్యాయం అయ్యేది, దాంతోపాటు అసలు కారణం అలాగే ఉండిపోయి కొత్త బారు కూడా విరిగేది. మన రంగంలో ఇది రోజూ జరుగుతుంది, ఫలితం కుదరకపోతే మెటీరియల్ అంకెను తిప్పుతారు, ఎందుకంటే అది తిప్పడానికి తేలిక.

జులై 28

దొరికింది. చెల్లి ఫోన్లో ఏప్రిల్ ఫోటోలు చూస్తుంటే ఒకదాంట్లో కోత మిషను ట్రాలీలోకి వడ్లు పోస్తోంది. కుప్ప నడుమ లేదు, ముందు గోడకు ఆనుకుని కొండలా ఉంది, వెనక అడుగు దాదాపు కనిపిస్తోంది.

మల్లేశన్నను అడిగితే ఏ మాత్రం తడుముకోకుండా చెప్పాడు. "ముందట ఎక్కువ పోస్తేనే తమ్మీ టైర్లు జారవు. తడి మడిల ఎన్క బరువుంటే ట్రాక్టరు ఎన్క టైర్ల మీద బరువు తగ్గుతది." ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, ఇరవై ఏళ్ల అనుభవం అది. నేను మాత్రం వడ్లు సమానంగా పరుస్తారని కుర్చీలో కూర్చుని అనుకున్నాను, కొలతకు కూడా ఎరువు సమానంగానే పరిపించాను.

ఫోటోలో ట్రాలీ పలకల ఎత్తును స్కేలుగా పెట్టుకుని కుప్ప ఆకారం గీసి చూస్తే బరువు కేంద్రం 25 సెంటీమీటర్లు ముందుకు జరిగి ఉంది. హుక్కు నుంచి ఇరుసు 2.9 మీటర్లు. 4 టన్నుల వడ్లకు హుక్కు మీద అదనంగా 345 కిలోలు. 600 కాదు, 945.

945ను 600తో భాగిస్తే 1.575, దాని ఘనం 3.9. 2,600 ట్రిప్పులు 670 అయ్యాయి.

ఇంత దగ్గరగా రావడంలో కొంత కలిసొచ్చింది కూడా ఉంది. అలసట లెక్కల్లో రెండు మూడు రెట్లు అటూ ఇటూ పోవడం మామూలే, హుక్కు బరువుతో పాటు ఊపులు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతాయన్నది నా అంచనా. కానీ కారణం ఇదేనని ఇప్పుడు నాకు అనుమానం లేదు. పావు మీటరు జరిగిన వడ్ల కుప్ప ఆయుష్షును నాలుగో వంతుకు తెచ్చింది.

ఆగస్టు 25

కొత్త బారు. బాపు గట్టి స్టీల్ తెద్దామన్నాడు, టౌనులో ఎక్కువ బలం ఉన్నది దొరుకుతుందట. వెల్డు పాదం దగ్గర పగులుకు స్టీల్ బలంతో పెద్దగా సంబంధం లేదు, మామూలు స్టీల్, ఖరీదైన స్టీల్ అక్కడ ఒకేలా అలసిపోతాయి. డబ్బు పెట్టాల్సింది ఆకారం మీద.

అందుకని 125 చానల్ తీసుకున్నాం. దాని మాడ్యులస్ సుమారు 66, స్ట్రెస్ 0.56 వంతుకు దిగుతుంది, దాని ఘనం 0.18, అంటే అలాంటి వెల్డే ఉన్నా ఆయుష్షు అయిదున్నర రెట్ల పైన. అసలు అలాంటి వెల్డే లేకుండా చేశాం. పట్టీ లేదు. కింది ఫ్లాంజి మీద అడ్డంగా ఒక్క వెల్డు లేదు. చానల్‌ను చట్రం కింద 60 సెంటీమీటర్లు వెనక్కి తీసుకుపోయి, పక్క ప్లేట్లతో నడుమ ఎత్తులో మాత్రమే అతికించాం, వంగినప్పుడు అక్కడ సాగుడూ ఉండదు నొక్కుడూ ఉండదు. వెల్డింగ్ అన్న మొదట ఒప్పుకోలేదు, "చుట్టూ కొట్టకుంటే ఎట్ల ఆగుతది" అన్నాడు. లాప్‌టాప్‌లో పాత బారు రంగుల బొమ్మ చూపించి, విరిగిన ముక్కను పక్కన పెట్టాను. ఎర్ర చుక్క, ఆల్చిప్ప గీతలు మొదలైన చోటు ఒకటే. కాసేపు చూసి, ఎక్కడెక్కడ వద్దో చాక్‌పీసుతో గుర్తు పెట్టమన్నాడు.

నవంబర్ 10

వానాకాలం కోతలు మొదలయ్యాయి. ముందు పోయొద్దని మల్లేశన్నకు చెప్పలేను, తడి మడిలో ఆయనకు ఆ బరువు కావాలి. ఇద్దరం కూర్చుని ట్రాలీ లోపలి పక్కన ఎర్ర పెయింటుతో ఏటవాలు గీత గీశాం, కుప్ప ముందు వైపు దాన్ని దాటకూడదు. అలా పోస్తే హుక్కు మీద పడేది నేను లెక్కకట్టింది 750 కిలోలు, పాత అలవాటుతో పోలిస్తే ఊపుల దెబ్బ సగం.

మొదటి లోడును వేబ్రిడ్జి మీద తూచాం. ట్రాలీ చక్రాలు బయట ఉంచి ట్రాక్టరును మాత్రమే ఎక్కించి ఒకసారి, ట్రాలీ విప్పి మళ్లీ ఒకసారి. తేడా 770. టైర్లు జారాయా అని అడిగితే, కాలువ కింది మడిలో కొంచెం జారింది కానీ ఎక్కిందన్నాడు.

నవంబర్ 24

కొత్త చానళ్లకు కూడా రెండు గేజ్‌లు అతికించాను. కల్వర్టు దగ్గర ఊపు 97 మెగాపాస్కల్. మోడల్ 101 అంది.

ఇవాళ పొద్దున అన్ని వెల్డుల కొసలకు ఎర్ర రంగు పెనెట్రెంట్ కొట్టి, పది నిమిషాలు ఆగి తుడిచి, తెల్ల డెవలపర్ చల్లాం. సన్న బీట ఉన్నా తెల్ల పూత మీద ఎర్ర గీత తేలుతుంది. బాపు కళ్లద్దాలు పెట్టుకుని ట్రాలీ కిందికి వంగి ఒక్కో కొసా చూశాడు. ఎక్కడా ఏమీ తేలలేదు. మల్లేశన్న మడ్‌గార్డు లోపల చాక్‌పీసుతో ట్రిప్పులు గీస్తున్నాడు, నిన్నటికి 143. యాసంగి కోతలయ్యాక మళ్లీ రంగు కొట్టి చూస్తాను, ఆ రీడింగులు కూడా ఇక్కడే రాస్తాను.